సామర్లకోటలో మొక్కల డాక్టరు

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లో పుట్టారు. వైద్యం చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసు ప్రభుత్వ సర్వీసులో చేరారు. 1781లో మన కాకినాడ దగ్గరి సామర్లకోటకు వచ్చారు. అక్కడ వైద్యం చేస్తూనే అడవి మొక్కల్నీ, రైతులు పండించే పంటల్నీ పరిశీలించడం మొదలుపెట్టారు. మిరియాలు, నీలిమందు వంటివి స్వయంగా సాగు చేసి చూశారు.

ఒకసారి వరదలో ఆయన పుస్తకాలు, సేకరించిన మొక్కల నమూనాలు అన్నీ పోయాయి. ఏళ్ల శ్రమ నీటిపాలైంది. అయినా మళ్లీ మొదటి నుంచి సేకరించారు. స్థానిక చిత్రకారుల చేత ఒక్కో మొక్క బొమ్మ గీయించారు. 1794 నాటికి దాదాపు 500 బొమ్మలు లండన్‌కు పంపారు. 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలు 1795 నుంచి వెలువడ్డాయి.

ఊరివాళ్లు పిలిచే తెలుగు పేర్లను కూడా ఆయన రాసుకున్నారు. మన సండ్ర చెట్టుకు మిమోసా సుండ్రా అని పేరు పెట్టింది ఆయనే.

1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యతలు తీసుకున్నారు. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. ఆయన రాసిన ఫ్లోరా ఇండికా ఆ తర్వాతే అచ్చయింది.

మన పిల్లలు పరీక్షలో శాస్త్రీయ నామాలు తప్పు లేకుండా రాస్తున్నారు. కానీ దారి పక్కనున్న తంగేడును, ఉత్తరేణిని గుర్తుపట్టలేకపోతున్నారు. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తాతయ్యనో అమ్మమ్మనో అడిగి పది మొక్కల పేర్లు నోట్‌బుక్‌లో రాయించండి. ఆ పేర్లు తెలిసినవాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు.