రెండు వేల రూపాయల కారు: జి.డి. నాయుడు గారి జీవితం

మన గోదావరి మండలాలలో ఒకప్పుడు దూర ప్రయాణమంటే కాలువ మీద పడవ ప్రయాణమే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టాలో కాలువలే రాజమార్గాలైనవి. పిదప మోటారు బస్సులు వచ్చినవి. ఆ బస్సులను నడిపినవారిలోను, బాగుచేసినవారిలోను మన విద్యార్థుల తాత తండ్రులు అనేకులున్నారు. ఇంటిలో పానాను, సుత్తిని చూస్తూ పెరిగిన బాలుడు కళాశాలలో అడుగుపెట్టగానే తండ్రి వృత్తిని చెప్పుకొనుటకు సంకోచించడం మేము పలుమార్లు గమనించాము. అట్టివారి కొరకే ఈ జీవితాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక రైతు ఇంట జన్మించారు. తరతరాల క్రితమే తమిళదేశంలో స్థిరపడినా ఇంటిలో తెలుగును విడువని కుటుంబం వారిది. బడి చదువు ఆయనకు రుచించలేదు. ప్రాథమిక విద్యతోనే దానికి స్వస్తి చెప్పి పొలం పనులలో ప్రవేశించారు.

ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి ఎక్కి వచ్చిన రడ్జ్ మోటారు సైకిలు ఆయన కంటపడింది. ఎద్దుగాని గుర్రంగాని లేకుండా నడిచే ఆ బండి ఆయన మనస్సును హరించింది. దానిని కొనాలన్న పట్టుదలతో కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనివానిగా కుదిరి, కూడబెట్టిన మూడు వందల రూపాయలతో ఆ బండినే కొన్నారు. కొన్న పిదప దానిపై ఊరేగి తృప్తి చెందలేదు. భాగాలన్నిటిని విడదీసి, తిరిగి అమర్చి, దాని మర్మాన్ని గ్రహించారు. అదే ఆయన చదివిన మొదటి గ్రంథమని మేము భావిస్తాము.

1920లో, రాబర్ట్ స్టేన్స్ అను ఆంగ్ల వ్యాపారి తోడ్పాటుతో ఒక బస్సును సంపాదించి, పొల్లాచి నుండి పళని వరకు తామే నడిపారు. ఆ ఒక్క బస్సే క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పెద్ద సంస్థగా పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి స్వదేశంలోనే విద్యుత్ మోటారును తయారుచేయించారు. విద్యుత్తుతో పనిచేసే క్షౌర యంత్రం, పండ్ల రసం తీసే యంత్రం, ఓట్లను నమోదు చేసే యంత్రం ఆయన బుద్ధి నుండి వెలువడినవే. భారతదేశపు ఎడిసన్ అను పేరు ఆయనకు ఊరక రాలేదు.

1952లో ఇద్దరు కూర్చొనగల పెట్రోలు కారును ఆయన సిద్ధం చేశారు. దాని ధర రెండు వేల రూపాయలు మాత్రమే. కాని 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం మోటారు వాహనాల తయారీకి ప్రభుత్వ లైసెన్సు అవసరం. ఆ లైసెన్సు లభించలేదు, తయారీ ఆగిపోయింది. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశంలో పెట్టుబడి స్వల్పం, విదేశీ మారకద్రవ్యం మరింత స్వల్పం. కనుక నియంత్రణ అవసరమని నాటి పాలకులు తలచడాన్ని మేము పూర్తిగా తప్పుపట్టము. అయినను ఆ నిర్ణయం వలన నష్టపోయినది నాయుడు గారు ఒక్కరే కాదు. చిన్న కారు సామాన్యుని ఇంటి ముంగిట నిలుచుటకు 1983లో మారుతి వచ్చేవరకు దేశం వేచియుండవలసి వచ్చింది. ఒక్క కాగితం దొరకకపోవడం వలన ముప్పది యేండ్లు గడచిపోయినవి.

ఆయన నిరాశతో చేతులు ముడుచుకొనలేదు. అంతకు ముందే, 1945లో, కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్‌ను, ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పుటకు కారకులై, బడి చదువు ముగించని తామే ప్రిన్సిపాలుగా వ్యవహరించారు. నాలుగేండ్ల చదువును రెండేండ్లలోనే నేర్పవచ్చునని ఆయన వాదన. ప్రభుత్వం అంగీకరించకపోగా పదవిని త్యజించారు. ఆ వాదనతో మేము ఏకీభవించలేము. పునాదికి కాలం కావాలి. కాని చేతితో చేయని చదువు సగం చదువేనన్న ఆయన విశ్వాసాన్ని కాదనలేము.

1974 జనవరి 4వ తేదీన ఆయన కన్నుమూశారు. అదే సంవత్సరంలో రాజమండ్రి, కొవ్వూరుల నడుమ రోడ్డు రైలు వంతెన ప్రారంభమై, మన బస్సులు గోదావరిని దాటసాగినవి. నేడు కోయంబత్తూరులో ఆయన సంస్థ నెలకొల్పిన కార్ల ప్రదర్శనశాలలో పాత కాలపు వాహనాలు కొలువుదీరి ఉన్నవి.

మన ఇండ్లలో ఇల్మ్ అనే మాటకు జంటగా హునర్ అనే మాట వినిపిస్తుంది. మొదటిది విద్య, రెండవది చేతి నేర్పు. నాయుడు గారికి రెండవదే మొదటిదానికి ద్వారమైనది. కనుక విద్యార్థులారా, మీ తండ్రి చేతికి అంటిన గ్రీజును చూచి తలవంచుకొనకండి. ఆ చేతిలోని నేర్పుకు మీ చదువును తోడు చేయండి. ఆ రెండింటిని మీకు సమంగా ప్రసాదించవలెనని అల్లాహ్‌ను వేడుకొంటున్నాము.