కలుపు మందు, కప్పలు, రేచెల్ కార్సన్

మొక్కజొన్న గింజ పెట్టిన రెండు రోజుల్లోపు తడి నేల మీద కొట్టే అట్రజిన్ మన కూలీలకు తెలియని మందు కాదు. ట్యాంకు వీపున మోసేది వాళ్ళే. అమెరికాలో ఈ మందుకు 1958లో అనుమతి వచ్చింది. అదే ఏడు, అదే దేశంలో రేచెల్ కార్సన్ పురుగుమందుల మీద పుస్తకానికి పూనుకుంది. అట్రజిన్ సంగతి ఆమె రాయలేదు. కానీ ఆ మందు కప్పల్ని ఏం చేస్తోందో తెలియడానికి వేయాల్సిన ప్రశ్న ఆమె ముందే వేసింది. అందుకే ఆమె కథ చెబుతున్నాం.

1907లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టింది. ఉన్నవాళ్ళ ఇల్లేం కాదు. 1932లో జంతుశాస్త్రంలో ఎం.ఏ. చేసింది, డబ్బు లేక పైచదువు మధ్యలోనే ఆగింది. 1935లో తండ్రి పోయాడు. తర్వాత అక్క పోతే ఇద్దరు ఆడపిల్లల బరువూ మీద పడింది. ప్రభుత్వ చేపల శాఖలో నౌకరీ చేస్తూనే రాసుకుంది. సముద్రం మీద రాసిన పుస్తకం 1951లో బాగా అమ్ముడుపోయాక నౌకరీ మానేసింది.

దోమల కోసం విమానంతో డి.డి.టి. చల్లితే తన పెరట్లో పిట్టలు చచ్చిపడ్డాయని 1958లో ఒక స్నేహితురాలు రాసింది. కార్సన్ పిట్ట చచ్చిందా లేదా అన్నచోట ఆగలేదు. బతికిన పిట్ట గుడ్డు పెడుతోందా, గుడ్డు పిల్లవుతోందా అని చూసింది. మిషిగన్‌లో చెట్లకు కొట్టిన డి.డి.టి. రాలిన ఆకుల నుంచి వానపాముల్లోకి, వాటిని తిన్న పిట్టల బీజాల్లోకి, అండాశయాల్లోకి చేరిన వైనం బయటపెట్టింది. కూలీలనూ మరవలేదు. కాలిఫోర్నియాలో పారథియాన్ కొట్టిన రెండున్నర వారాల తర్వాత నారింజ కాయలు కోయడానికి దిగిన ముప్పై మందిలో 11 మంది పడిపోయిన సంగతి పుస్తకంలో ఉంది. ఎండిపోయిన మందు ఏం చేస్తుందిలే అనే మేస్త్రీలు వినదగ్గ సంగతి!

1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ వచ్చింది. కంపెనీలు విరుచుకుపడ్డాయి. ఒక కంపెనీ ప్రచురణకర్తను బెదిరిస్తూ ఉత్తరం రాసింది. అమెరికా పంటలను తూర్పు కూటమి దేశాల స్థాయికి దించే కుట్ర ఇదంది. మందులన్నీ మానేయాలని ఆమె అననే లేదు. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆ జబ్బు కంపెనీల చేతికి ఆయుధమవుతుందని దాచుకుంది. 1963లో ఆ ఒంటితోనే సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. 1964 ఏప్రిల్ 14న, 56వ ఏట చనిపోయింది. డి.డి.టి.ని పంటలకు వాడకుండా 1972లో ఆపారు.

అట్రజిన్ మాత్రం ఆగలేదు. 2002లో బర్కిలీలో టైరోన్ హేస్ బృందం వెయ్యి కోట్ల పాళ్ళ నీటికి ఒక్క పాలు అట్రజిన్ కలిపి తోకకప్పల్ని పెంచింది. ఒక్కటీ చావనక్కర్లేదు, కొన్ని మగకప్పల్లో ఆడ అవయవాలూ పెరిగాయి. 2010లో ఇంకో పరీక్ష: అట్రజిన్ నీళ్ళలో పెరిగిన 40 మగకప్పల్లో నాలుగు పూర్తిగా ఆడవైపోయాయి, రెండు గుడ్లు పెట్టి పిల్లలనూ కన్నాయి. మగవిగా మిగిలినవాటిలో మగ హార్మోను తగ్గింది. ఆడకప్ప కోసం మామూలు మగకప్పలతో పోటీపడి చాలావరకు ఓడిపోయాయి. కంపెనీ డబ్బుతో జరిగిన పరీక్షల్లో ఇదేమీ కనబడలేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ కూడా 2007లో కప్పలకు హాని లేదనే తేల్చింది.

యూరప్ కూటమి 2004లో అట్రజిన్‌కు అనుమతి నిరాకరించింది. మన కేంద్ర ప్రభుత్వం 2020లో నిషేధిస్తామన్న 27 మందుల ముసాయిదాలో అట్రజిన్ ఉంది. 2023లో ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా నిషేధించినవి మూడే. అందులో అట్రజిన్ లేదు.