మాంసం వెనుక మనిషిని చూపిన అప్టన్ సింక్లెయిర్

మన వార్షికోత్సవ సంచికల్లో అంబేడ్కర్, ఫూలే, భాగ్యరెడ్డి వర్మ, జాషువాల జీవితాలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఈసారి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక అమెరికా రచయితను పరిచయం చేయాలనిపించింది. తోలు తీసేవాళ్ల ఇళ్ల నుంచి, మాంసం కొట్టేవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు మన హాస్టళ్లకు కొత్త కాదు. ఆ పని చేసే మనుషుల గురించే వందేళ్ల కిందట ఒక నవల రాసి దేశాన్ని కుదిపినవాడు అప్టన్ సింక్లెయిర్.

ఆయన 1878 సెప్టెంబర్ 20న బాల్టిమోర్ నగరంలో పుట్టాడు. తండ్రి మద్యం అమ్మే సేల్స్‌మన్. అమ్మే సరుకుకే ఆయన బానిసయ్యాడు. సంసారం అద్దె గదుల్లో, నల్లులు పట్టిన మంచాల మీద సాగింది. తల్లి తరఫు బంధువులు మాత్రం బాగా కలిగినవాళ్లు. అందువల్ల ఆ పిల్లవాడు కొన్నాళ్లు ఇరుకు గదిలో, కొన్నాళ్లు పెద్ద బంగళాలో పెరిగాడు. ఒకే దేశంలో ఈ రెండు బతుకులు ఎందుకున్నాయన్న ప్రశ్న ఆయనకు చిన్ననాడే పుట్టింది. తర్వాత కుటుంబం న్యూయార్క్ చేరింది. 14 ఏళ్లు నిండకముందే ఫీజు లేని సిటీ కాలేజీలో చేరాడు. పత్రికలకు జోకులు, పిల్లలకు సాహస కథలు రాసి ఖర్చులు వెళ్లదీసుకున్నాడు. 1897లో పట్టా చేతికొచ్చింది. 1900లో పెళ్లి, మరుసటి ఏడు కొడుకు. ప్రిన్స్‌టన్ దగ్గర మొదట డేరాలో, తర్వాత చిన్న చెక్క ఇంట్లో చలికి వణుకుతూ కాపురం చేశారు.

1904లో బానిసత్వం నేపథ్యంగా ఆయన రాసిన ‘మనాసస్’ నవల వెలువడింది. అది అమ్ముడుపోలేదు గానీ, ‘అపీల్ టు రీజన్’ అనే సోషలిస్టు వారపత్రిక సంపాదకుడికి నచ్చింది. కూలి బానిసల మీద కూడా అలాంటి నవల రాయమని 500 డాలర్లు ముందుగా ఇచ్చాడు. ఆ ఏడాదే షికాగో మాంసం ఫ్యాక్టరీల కార్మికులు సమ్మె చేసి ఓడిపోయారు. సింక్లెయిర్ అక్కడికే బయలుదేరాడు.

యూనియన్ స్టాక్‌యార్డ్స్ అనే ఆ ప్రాంతం 1865లో మొదలైంది. పశువులు, పందులు రైళ్లలో దిగేవి. కోసిన పశువును పైనున్న గొలుసుకు తగిలిస్తే అది కదులుతూ పోయేది. ఒక్కొక్క కార్మికుడు ఒక్కొక్క కోత మాత్రమే కోసేవాడు. కార్ల తయారీలో కదిలే వరుస ఆలోచన తనకు ఇక్కడి నుంచే వచ్చిందని హెన్రీ ఫోర్డ్ తరువాత రాసుకున్నాడు. పనివాళ్లు ఎక్కువమంది లిథువేనియా, పోలండ్, స్లొవేకియా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. మన అడ్డా కూలీల్లాగే తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడేవాళ్లు. బలంగా కనబడిన వాడిని మేస్త్రీ లోపలికి పిలిచేవాడు.

సింక్లెయిర్ ఏడు వారాలు అక్కడే ఉన్నాడు. పాత బట్టలు వేసుకుని చేతిలో అన్నం క్యారియర్ పట్టుకుంటే చాలు, ఎవరూ ఆపలేదు. పగలు ఫ్యాక్టరీలు తిరిగి, సాయంత్రాలు కార్మికుల ఇళ్లలో కూర్చుని విన్నాడు. ఒక ఆదివారం లిథువేనియా వాళ్ల పెళ్లి విందు కంటపడింది. నవల ఆ పెళ్లితోనే మొదలైంది.

‘ది జంగిల్’ నవలలో యుర్గిస్ అనే దృఢమైన యువకుడు ఆ గేటు దాటి లోపలికెళ్లి ఏమైపోయాడన్నదే కథ. నేలంతా నెత్తురు. చలికాలంలో వెచ్చదనం లేదు. ఊరవేసే గదుల్లో చేతిమీది చిన్న గీత కూడా పుండవుతుంది. ఉన్ని పీకేవాళ్ల వేళ్లను యాసిడ్ తినేస్తుంది. కత్తిపని వాళ్లకు బొటనవేలు మొదట కోతమీద కోత. చేతులు కడుక్కునే చోటు లేదు. ఇన్ని పేజీల మధ్య కొద్ది పేజీల్లో మాత్రమే కుళ్లిన మాంసానికి మందులు కలపడం, సాసేజీల్లో ఎలుకలు పడటం ఉన్నాయి.

1905లో నవల వారవారం పత్రికలో వచ్చింది. పుస్తకంగా వేయడానికి ఐదుగురు ప్రచురణకర్తలు వెనుకాడారు. చివరికి డబుల్‌డే సంస్థ షికాగోకు సొంత మనిషిని పంపి విచారించుకున్నాకే 1906 ఫిబ్రవరిలో అచ్చేసింది. దేశం అట్టుడికింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పంపిన ఇద్దరు అధికారులు మురికి నేలలు, నేలమీద ఈడ్చే మాంసం, పనిగదుల పక్కనే మరుగుదొడ్లు చూసి నివేదిక ఇచ్చారు. 1906 జూన్ 30న మాంసం తనిఖీ చట్టం, ఆహార ఔషధాల చట్టం రెండూ వచ్చాయి. తనిఖీ ఖర్చు కంపెనీల మీద పడలేదు, ప్రభుత్వమే భరించింది. కార్మికుడి జీతం, పనిగంటలు, గాయాల ఊసు ఆ చట్టాల్లో లేదు. జనం తమ పళ్లెంలో మాంసం చూసుకున్నారు, దాన్ని కోసిన చేతిని చూడలేదు. ఈ బాధ సింక్లెయిర్‌ను జీవితాంతం వదల్లేదు.

నేను చదువుకుంటున్నది గచ్చిబౌలిలో. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈ చుట్టుపక్కల మేడలతో పాటు బిర్యానీ హోటళ్లూ పెరిగాయి. మన దేశపు ఆహార భద్రతా చట్టం, ఆ అమెరికా చట్టాలకు సరిగ్గా నూరేళ్ల తర్వాత, 2006లో వచ్చింది. 2024లో ఫుడ్ సేఫ్టీ అధికారులు మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ హోటళ్లలో దాడులు చేస్తే టీవీలన్నీ చూపించాయి. గడువు తీరిన సరుకు, లేబుల్ లేని మాంసం, తలకు టోపీ లేని పనివాళ్లు, వాళ్లకు లేని వైద్య పరీక్ష పత్రాలు రాసుకున్నారు. ఆ వైద్య పత్రం కూడా తినేవాడికి జబ్బు అంటకుండా చూడటానికే. చికెన్ కొట్టే కుర్రాడు ఎన్ని గంటలు నిలబడ్డాడు, వేలు తెగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది అన్నది ఆ అధికారుల పని కాదు, కార్మిక శాఖ పని. కార్మిక శాఖ వాళ్లు అదే వంటగదుల్లోకి వెళ్తుంటే కెమెరాలు వెంట పరుగెత్తడం నేనైతే చూడలేదు.

మనం మరచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. సమ్మె విరగ్గొట్టడానికి దక్షిణాది నుంచి తెచ్చిన నల్లజాతి కూలీలను ఈ నవల చాలా నీచంగా చిత్రించింది. లిథువేనియా కూలీలో మనిషిని చూసిన కన్ను నల్లవాడి దగ్గర గుడ్డిదైపోయింది. ఆయన మీద గౌరవం ఉంచుకుంటూనే ఆ పేజీలు కోపంగా చదివాను.

నవల డబ్బుతో న్యూజెర్సీలో ఉమ్మడి నివాసం ఒకటి పెడితే 1907లో కాలి బూడిదైంది. 1923లో కాలిఫోర్నియా రేవు కార్మికుల సమ్మెకు మద్దతుగా రాజ్యాంగంలోని హక్కులు చదివి వినిపిస్తుంటే అరెస్టు చేశారు. 1934లో పేదరికం నిర్మూలన నినాదంతో కాలిఫోర్నియా గవర్నర్ పదవికి పోటీచేసి ఓడాడు. 1943లో ‘డ్రాగన్స్ టీత్’ నవలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. మొత్తం 90కి పైగా పుస్తకాలు రాశాడు.

1967 డిసెంబర్‌లో అధ్యక్షుడు జాన్సన్ కొత్త మాంసం తనిఖీ చట్టం మీద సంతకం చేస్తూ ఆయన్ను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. మరుసటి ఏడు నవంబర్ 25న కన్నుమూశాడు. 1971లో స్టాక్‌యార్డ్స్ మూతపడి, రాతి ద్వారం మాత్రం మిగిలింది. ఫ్యాక్టరీలు యూనియన్లు బలంగా లేని చిన్న ఊళ్లకు తరలిపోయాయి. 2020లో కరోనా వాటిలో వేలమందికి సోకుతుండగా, దేశానికి మాంసం కొరత రాకూడదని ఏప్రిల్ 28న అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది. ఆ వరుసల్లో అప్పుడు భుజం భుజం ఆనించి నిలబడి కోస్తున్నవాళ్లలో మెక్సికో, గ్వాటెమాలా, సోమాలియా, బర్మాల నుంచి వలస వచ్చినవాళ్లు చాలామంది.