ప్రాణశక్తికి లెక్క చూపిన యల్లాప్రగడ సుబ్బారావుగారు

తినిన అన్నము కాలుసేతులకు బలమగుట యెల్లరెరిగినదే. కాని ఆ బలము దేహమున ఏ రూపమున నిలువయుండును, పని పడినపుడు ఎట్లు వెలికివచ్చును అను ప్రశ్నకు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో సరియైన సమాధానము లేకుండెను. ఆ సమాధానమునకు మూలమైన రెండు పదార్థములను లోకమునకు చూపినవారిలో ఒకరు మన తెలుగువారైన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున వారికి చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించిరి. మెట్రిక్యులేషను పరీక్ష రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థులైరి. పిదప రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపనెంచిరి, తల్లి సమ్మతింపలేదు. వైద్యము నేర్చి ప్రజలను సేవించుట మేలని మఠమువారు హితవు చెప్పిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. అందుకు ఆగ్రహించిన శస్త్రవైద్యాచార్యుని మూలమున ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఆ కాలముననే వారి సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొలది దినముల యెడముతో కన్నుమూసిరి. చేతిలో వైద్యవిద్య యుండియు తోబుట్టువులను నిలుపుకొనజాలని దుఃఖము వారిని విడువలేదు. మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయమును పొంది, అర్ధాంగి శేషగిరిగారిని ఇంట విడిచి, 1922 అక్టోబరులో అమెరికా దేశపు బోస్టను నగరము చేరిరి. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవైద్యము చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసి పొట్టపోసికొనిరి.

తరువాత అచ్చటి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో కలిసిరి. రక్తమునందును మూత్రమునందును ఫాస్ఫరసు ఎంత కలదో నీలవర్ణపు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని 1925లో వారిరువురు ప్రకటించిరి. ఆ పద్ధతినే కండరములకు వర్తింపజేయగా ఒక వింత కనబడెను. నీలవర్ణము వెంటనే తేలక ఆలస్యముగా తేలుచుండెను. అది కొలతలోని దోషమని వారు త్రోసివేయలేదు, కారణమును వెదకిరి. క్రియాటిన్ అను వస్తువుతో జతపడియున్న ఫాస్ఫేటు మెల్లగా విడివడుటయే ఆ ఆలస్యమునకు హేతువు. 1927లో వెల్లడియైన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు అది తరిగిపోవును, విశ్రమించునపుడు మరల చేకూరును. కండరబలమునకు లాక్టికామ్లమే మూలమను నాటి సిద్ధాంతము ఇందుచే సడలిపోయెను.

1929లో వారు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుపరచిరి. దానినే సంగ్రహముగా ఎ.టి.పి. అందురు. జర్మనీలో కార్ల్ లోమన్ సైతము అదే సంవత్సరమున దానిని స్వతంత్రముగా కనుగొనెను.

గాదెలో ధాన్యమెంత యున్నను శిస్తు చెల్లించుటకు రొక్కము కావలెను. అట్లే ఆహారములోని శక్తిని కణము ఉన్నదున్నట్లుగా వ్యయపరుపజాలదు, ఎ.టి.పి. అను రొక్కముగా మార్చుకొనవలెను. ఎడినోసినుకు మూడు ఫాస్ఫేటులు వరుసగా కూడియుండుటయే దాని నిర్మాణము. కడపటి ఫాస్ఫేటు విడివడినపుడు శక్తి వెలువడి కండరమును కదలించును, నూతన పదార్థములను నిర్మించును. కణములోని మైటోకాండ్రియాలలో ఆహారము ప్రాణవాయువుతో కూడి మెల్లగా దహింపబడునపుడు ఆ ఫాస్ఫేటు మరల అతుకుకొనును. పచ్చని ఆకులలో సూర్యరశ్మియే ఈ కార్యమును నెరవేర్చును. దేహమున ఎ.టి.పి. నిలువ స్వల్పమే, కాని ఒక్కొక్క అణువు దినమునకు వందల పర్యాయములు ఖర్చై మరల జమయగుచుండును. తీవ్రమైన శ్రమలో ఆ రొక్కము చాలనపుడు ఫాస్ఫోక్రియాటిన్ చేబదులిచ్చి ఆదుకొనును. ఈ జమాఖర్చుల తీరు సుబ్బారావుగారి నాటికి పూర్తిగా తేటపడలేదు. 1941లో ఫ్రిట్జ్ లిప్మన్, 1961లో పీటర్ మిచెల్ మొదలగువారు క్రమముగా దానిని విశదపరచిరి.

ఇంతటి కృషి చేసినను హార్వర్డున వారికి స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులోని లెడర్లీ పరిశోధనాలయమున చేరి, పరిశోధనలకు అధిపతియైరి. వారి నాయకత్వమున 1945లో ఫోలికామ్లము కృత్రిమముగా సిద్ధమయ్యెను. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి ఆ మందు పనిచేసినది. పోయిన ప్రాణములు రాలేదు గాని, అట్టి మరణములు ఇతరుల యిండ్ల జరుగకుండ నివారించు మార్గమేర్పడెను. బాలల రక్తక్యాన్సరుకు సిడ్నీ ఫార్బరు వాడిన ఎమినాప్టెరిన్, ఆపై వచ్చిన మెథోట్రెక్సేటు అచ్చటనే పుట్టినవి. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ సైతము ఆ పరిశోధనాలయమున బెంజమిన్ డగ్గర్ కనుగొనినదే.

1948 ఆగస్టులో, ఏబది మూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలోనే గతించియుండిరి. స్వదేశమునకు మరలిరాలేదు. శేషగిరిగారు వారిని మరల చూడనేలేదు. నోబెల్ బహుమానము వారికి రాలేదు. వారి శతజయంతి సందర్భమున, 1995లో, భారత ప్రభుత్వము తపాలా బిళ్ళ వెలువరించినది.

వారి పర్యవేక్షణలో 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజీన్ అను మందు బోదకాలు వ్యాధికి వాడబడుచున్నది. ఆ వ్యాధికి పేరుమోసిన తీరాంధ్ర గ్రామములలో ఆ మాత్రలను ఇంటింట పంచిరి. పుచ్చుకొనినవారిలో పలువురికి అది భీమవరమున పుట్టి, పరీక్ష రెండుమారులు తప్పిన ఒక బాలుని కృషిఫలమని తెలియదు. ఆ మాట మన పిల్లలకైనను తెలియవలెను.