టామ్ స్మిత్ (గుర్రాల శిక్షకుడు)

రాబర్ట్ థామస్ స్మిత్ (1878 మే 20 - 1957 జనవరి 23) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రసిద్ధ పందెపు గుర్రాల శిక్షకుడు. సీబిస్కెట్ అనే గుర్రాన్ని తీర్చిదిద్దినవానిగా ప్రఖ్యాతుడు. మితభాషి కావడం వలన ఇతనికి సైలెంట్ టామ్ అనే పేరు వచ్చింది.

తొలి జీవితం

స్మిత్ జార్జియా రాష్ట్రంలో జన్మించాడు. యౌవనంలో పశ్చిమ ప్రాంతాలకు వెళ్ళి అడవి గుర్రాలను మచ్చిక చేయడం, లాడాలు కొట్టడం వంటి పనులు చేశాడు. తరువాత చార్లీ ఇర్విన్ బృందంలో పనిచేసి, 1930వ దశకంలో కార్ల వ్యాపారి చార్లెస్ హోవర్డ్ వద్ద శిక్షకుడుగా చేరాడు.

సీబిస్కెట్ కాళ్ళు

1936లో స్మిత్ సలహాపై హోవర్డ్ సీబిస్కెట్‌ను 8,000 డాలర్లకు కొన్నాడు. అప్పటికే అది 40కి పైగా పందేలలో పరుగెత్తి డస్సిపోయి ఉంది. మోకాళ్ళు కూడా చక్కనివి కావు. స్మిత్ దానికి విశ్రాంతినిచ్చి, కాళ్ళకు తాను తయారుచేసిన తైలం మర్దించి పట్టీలు చుట్టేవాడు.

గుర్రానికి మోకాలి దిగువన కండరాలు దాదాపు ఉండవు. ఎముకను అంటిపెట్టుకొని స్నాయువులు, సంధిబంధనాలు మాత్రమే ఉంటాయి. కనుక దూదిపరచి పైన పట్టీని అంతటా ఒకే బిగువుతో చుట్టాలి. వదులైతే జారి కాళ్ళకు అడ్డుపడుతుంది, బిగువెక్కువైతే స్నాయువుకే హాని. పట్టీ దెబ్బలనుండి కాపాడుతుంది, శాలలో నిలిచి ఉన్నప్పుడు వాపును అదుపులో ఉంచుతుంది. పరుగులో కీలుపై పడే భారాన్ని మాత్రం అది అంతగా మోయలేదు.

ఈ పరిమితి 1939 ఫిబ్రవరిలో తెలిసివచ్చింది. అంతకు మూడు నెలల ముందే, 1938 నవంబరు 1న, పిమ్లికోలో వార్ అడ్మిరల్‌ను ఓడించిన సీబిస్కెట్‌కు శాంటా అనీటాలో ఎడమ ముంగాలి సంధిబంధనం దెబ్బతిన్నది. ఇక అది పరుగెత్తదని చాలామంది భావించారు. హోవర్డ్ యొక్క రిడ్జ్‌వుడ్ క్షేత్రంలో, అదే విధంగా కాలు విరిగి కోలుకుంటున్న జాకీ రెడ్ పొలార్డ్‌తో పాటు నెలల తరబడి మెల్లగా నడిచింది. కట్లకంటె ఈ విశ్రాంతియే ఎక్కువ మేలు చేసిందని చెప్పవచ్చు. తిరిగి స్మిత్ చేతికి వచ్చిన గుర్రం 1940 మార్చి 2న, అంతకు ముందు రెండుసార్లు ముక్కు వెడల్పు తేడాతో చేజారిన శాంటా అనీటా హాండికాప్‌ను పొలార్డ్ స్వారీలో గెలిచింది. అదే దాని చివరి పందెం.

వివాదం, అనంతర జీవితం

తరువాత స్మిత్ ఎలిజబెత్ ఆర్డెన్ గుర్రాలకు శిక్షకుడైనాడు. 1945లో సహాయకుడొకడు ఒక గుర్రపు ముక్కులో ఎఫెడ్రిన్ మందు కొట్టినందుకు, బాధ్యునిగా స్మిత్‌పై ఏడాదిపాటు నిషేధం విధించారు. తనకు తెలియదని అతడు చెప్పినా, అప్పీలు చేసినా ఫలితం లేకపోయింది. తిరిగి వచ్చిన పిదప 1947లో ఇతని శిక్షణలోని జెట్ పైలట్ కెంటకీ డెర్బీ గెలిచింది.

2001లో అమెరికా గుర్రపు పందేల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానం లభించింది. 2003 నాటి సీబిస్కెట్ చిత్రంలో క్రిస్ కూపర్ ఇతని పాత్ర ధరించాడు.