కీర్తిభారము మోసిన నాయకుడు

ఆటలయందు ప్రథముడగుటకు దేహబలము చాలును. ప్రథముడైనపిమ్మట లోకము మోపు భారమును సహించుటకు మనోబలము కావలెను. ఈ రెండవ పరీక్షయందు నిలిచినవారు అరుదు. అట్టివారిలో తెలుగువారైన కొఠారి కనకయ్య నాయుడుగారు స్మరణీయులు.

తెలుగునాటనుండి తరలి నాగపురమున స్థిరపడిన కుటుంబమున 1895 అక్టోబరు 31వ తేదీన సి. కె. నాయుడుగారు జన్మించిరి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున, గిల్లిగన్ దొర నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై హిందువుల పక్షమున ఆడి, రెండు గంటలలోపుగనే 153 పరుగులు చేసిరి. అందు 11 సిక్సర్లు. ఆటయందైనను పాలితులు పాలకులకు తీసిపోరని ఆనాడు జనులకు ధైర్యము కలిగెను. నాటినుండి నాయుడుగారికి తనకొరకు ఆడుకొను స్వేచ్ఛ లేకపోయెను. వారు బ్యాటు పట్టిన ప్రతిమారును జనులు సిక్సరు కోరుచుండిరి. పరాధీనమైన జాతి తన గౌరవమును ఆ బ్యాటుపై నిలిపెను.

ఆటగాని గౌరవమట్లుండగా, నాయకత్వమునకు మాత్రము రాజవంశమే అర్హతగా నుండెను. 1932లో ఇంగ్లండునకు వెళ్లిన జట్టునకు పోరుబందరు మహారాజు నాయకుడు, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. జూన్ 25వ తేదీన లార్డ్సు మైదానమున ఆరంభమైన భారతదేశపు తొలి టెస్టునుండి వారిరువురును తప్పుకొనగా నాయుడుగారు నాయకులైరి. వారి క్రింద ఆడుటకు జట్టులోనే కొందరు ఇష్టపడరైరి. అయినను, చేతికి గాయమైయుండియు, తొలి ఇన్నింగ్సున 40 పరుగులు చేసి తమ జట్టున అందరికంటె మిన్నగా నిలిచిరి.

1936లో నాయకత్వము విజయనగర రాజకుమారులైన విజయానంద గజపతిరాజుగారికి దక్కెను. ఇరువురును తెలుగువారే. ఒకరికి ధనమును పలుకుబడియును తోడు. ఒకరికి ఆటయే తోడు. జట్టు రెండు పక్షములై చీలెను. లాలా అమరనాథ్‌ను పర్యటన మధ్యముననే స్వదేశమునకు పంపివేసిరి. ఓవల్ మైదానమున నాయుడుగారు అల్లెన్ విసరిన బంతి రొమ్మున తగిలియు వెనుదీయక 81 పరుగులు చేసిరి. అదియే వారి కడపటి టెస్టు.

నాయుడుగారు దోషరహితులని చెప్పుట స్తోత్రపాఠమగును. వారి క్రమశిక్షణ కఠినము. తోటివారిలో పలువురిని అది దూరము చేసెను. జనసమూహములు చుట్టుముట్టిన మనుష్యుడు తన జట్టులో ఒంటరియగుట కీర్తి విధించు శిక్షలలో నొకటి.

ఆపైన ఇందూరునందు హోల్కారు జట్టును వారు తీర్చిదిద్దిరి. ఆ జట్టు 1953 నాటికి నాలుగుమారులు రంజీ ట్రోఫీ గెలిచెను. 1956లో ప్రభుత్వము వారికి పద్మభూషణ బిరుద మొసగెను. అరువది యేండ్లు దాటినపిదపను రంజీ పోటీలయందు ఆడిన నాయుడుగారు 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో కన్నుమూసిరి.

ఖమ్మము మైదానములందును, భద్రాచలపు అడవి యంచు పల్లెల బాటలందును నేడు పరుగెత్తుచున్న బాలబాలికలలో రేపు ఎవరు ప్రసిద్ధులగుదురో ఎవరెరుగుదురు? వారు గెలిచిననాడు చప్పట్లు చరచుట మనకు సులభము. ధనికులు, పదవులవారు వారిని ప్రక్కకు నెట్టిననాడు, కాలు తడబడి వెనుకబడిననాడు, వారి ప్రక్కన నిలుచుట మన ధర్మము. ఆ యండ నాయుడుగారికి వలసినప్పుడు లభింపలేదు.