యాభై ఏళ్లకు మళ్లీ చదువుకెళ్లిన డాక్టరమ్మ

మీ పిల్లల పాత కాగితాల ఫైలు ఉంటే ఒక్కసారి తీయండి. కాన్పు తర్వాత ఆసుపత్రి వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితంలో, బిడ్డ బరువు, పుట్టిన సమయం ఉన్నచోటే ‘అప్గార్ 8, 9’ అనో, ‘7, 9’ అనో రాసి ఉండొచ్చు. చాలామంది ఆ అంకెలను పట్టించుకోరు. కొందరు మాత్రం పదికి పది ఎందుకు రాలేదని కంగారు పడుతూ మా దగ్గరికి వస్తారు.

అప్గార్ అంటే మందు పేరు కాదు, యంత్రం పేరూ కాదు. ఒక డాక్టరమ్మ ఇంటిపేరు. ఆమె పిల్లల డాక్టరు కాదు, మత్తు డాక్టరు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలూ లేరు. అయినా ఇవాళ ప్రపంచంలో ఏ మూల ఆసుపత్రిలో బిడ్డ పుట్టినా ఆమె చెప్పినట్టే చూస్తారు. ఆమె జీవితం తెలుసుకుంటే, మీ బిడ్డను చూసే డాక్టరులో ఏం ఉండాలో కూడా మీకు తెలుస్తుంది.

సర్జన్ కాబోయి మత్తు డాక్టరై

వర్జీనియా అప్గార్ 1909లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం వెస్ట్‌ఫీల్డ్‌లో పుట్టారు. తండ్రి బీమా రంగంలో పనిచేసేవారు. ఇంటికొచ్చాక రేడియోలు, టెలిస్కోపులతో ప్రయోగాలు చేసేవారు. తోబుట్టువుల్లో ఒక సోదరుడు క్షయతో చిన్నప్పుడే చనిపోయాడు. ఇంకొకరిని దీర్ఘకాలపు జబ్బు వేధించింది. అటు ప్రయోగాలు, ఇటు జబ్బులు చూస్తూ పెరిగిన ఆ అమ్మాయి డాక్టరు కావాలనుకుంది.

1929లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ వైద్య కళాశాలలో చేరారు. కొద్ది వారాలకే అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. అప్పులు చేసి చదువుకున్నారు. 1933లో తరగతిలో నాలుగో స్థానంతో బయటికొచ్చారు. సర్జన్ కావాలన్నది ఆమె కోరిక. అయితే అక్కడి సర్జరీ విభాగాధిపతి అలెన్ విపుల్ ఆమెను మత్తు వైద్యం వైపు వెళ్లమన్నారు. అప్పట్లో ఆడవాళ్లు సర్జన్లుగా నిలదొక్కుకోవడం కష్టం. మత్తు ఇవ్వడం తెలిసిన డాక్టర్లేమో చాలా తక్కువ. ఆ పని ఎక్కువగా నర్సులే చేసేవారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అంత మంచి ర్యాంకుతో వచ్చిన డాక్టరు, ముందుగా తమ ఆసుపత్రి నర్సుల దగ్గరే పని నేర్చుకున్నారు. ఆ తర్వాత విస్కాన్సిన్‌లో రాల్ఫ్ వాటర్స్ దగ్గరికీ, న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రికీ వెళ్లి మెరుగులు దిద్దుకున్నారు. 1938లో తిరిగొచ్చి కొలంబియాలో మత్తు విభాగాన్ని నిలబెట్టారు. 1949లో ఆ వైద్య కళాశాలలో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయిన తొలి మహిళ అయ్యారు.

అయిదు సంగతులు, పది మార్కులు

కాన్పుల గదిలో మత్తు ఇస్తూ ఆమె ఒక లోపం చూశారు. బిడ్డ బయటికి రాగానే అందరి చూపూ తల్లి మీదే ఉండేది. ఏడవని, నీలిరంగుకు తిరిగిన బిడ్డను ఇక బతకదులే అని వదిలేసిన సందర్భాలూ ఉండేవి. ఎవరికి సాయం కావాలో తేల్చే పద్ధతి లేదు.

ఒకరోజు ఉదయం క్యాంటీన్‌లో ఒక వైద్య విద్యార్థి, పుట్టిన బిడ్డ ఎలా ఉందో తేల్చడం ఎలాగని ఆమెను అడిగాడట. చేతికందిన కాగితం మీద అయిదు సంగతులు రాసిచ్చారట. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది? ఊపిరి తీస్తోందా? కదిలిస్తే స్పందిస్తోందా? కాళ్లూచేతులూ బిగువుగా ఉన్నాయా? ఒంటి రంగు ఎలా ఉంది? ఒక్కోదానికి సున్నా, ఒకటి లేదా రెండు మార్కులు. మొత్తం పది. బిడ్డ పుట్టిన నిమిషానికి చూడాలి. తర్వాత అయిదో నిమిషానికీ చూడటం అలవాటైంది.

1953లో ఈ పద్ధతి వైద్య పత్రికలో అచ్చయింది. ఇందులో ఖర్చు లేదు, యంత్రం లేదు. నర్సమ్మ అయినా చూడగలదు. కానీ దానివల్ల వచ్చిన మార్పు పెద్దది. నిమిషం గడిచేలోగా ఎవరో ఒకరు బిడ్డను కళ్లారా చూసి తీరాలి.

ఇష్టమైన మందునే వదిలేశారు

మార్కులు వేయడం మొదలయ్యాక ఆమె అక్కడితో ఆగలేదు. స్టాన్లీ జేమ్స్, డంకన్ హొలడే అనే డాక్టర్లతో కలిసి, మార్కులు తక్కువొచ్చిన పిల్లల రక్తంలో ఏం జరుగుతోందో పరీక్షించారు. ఆ రక్తంలో ఆక్సిజన్ తక్కువగా, ఆమ్లం ఎక్కువగా ఉంది. అంటే అది బిడ్డ తత్వం కాదు, వెంటనే సరిచేయాల్సిన ఇబ్బంది.

అప్పట్లో కాన్పులకు సైక్లోప్రొపేన్ అనే మత్తు వాయువు వాడేవారు. అది అప్గార్‌కు బాగా ఇష్టమైన మందు. లెక్కలు చూస్తే, ఆ మందు తీసుకున్న తల్లుల బిడ్డలు ఎక్కువ నీరసంగా పుడుతున్నారు. ఆమె వాదించలేదు, ఇన్నేళ్లుగా వాడుతున్నాం కదా అనలేదు. కాన్పుల్లో దాన్ని వాడటం మానేశారు.

నన్నడిగితే ఆమె జీవితంలో స్కోరు కంటే గొప్ప ఘట్టం ఇదే. కొత్తది నేర్చుకోవడం కొంత తేలిక. ఏళ్ల తరబడి మన చేత్తో చేసినదాన్ని తప్పని ఒప్పుకుని వదలడం చాలా కష్టం.

మళ్లీ విద్యార్థిగా

యాభైకి చేరువలో, ప్రొఫెసర్‌గా పేరొచ్చాక, ఆమె సెలవు పెట్టి జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రజారోగ్యం చదవడానికి విద్యార్థిగా చేరారు. తన దగ్గరున్న లెక్కలను ఇంకా బాగా అర్థం చేసుకోవాలనుకున్నారు. 1959లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరి, పుట్టుకతో వచ్చే లోపాల మీద ఊరూరా తిరిగి డాక్టర్లకూ, తల్లిదండ్రులకూ చెప్పారు. 1964-65లో అమెరికాను రుబెల్లా ముంచెత్తింది. గర్భిణులకు అది సోకి సుమారు 20,000 మంది పిల్లలు లోపాలతో పుట్టారు. ఆ తర్వాత రుబెల్లా టీకా కోసం ఆమె గట్టిగా ప్రచారం చేశారు. ఇవాళ మీ పిల్లలకు వేయిస్తున్న ఎంఆర్ టీకాలో ‘ఆర్’ ఆ రుబెల్లాయే.

వయొలిన్ లాంటి వాద్యాలను తన చేత్తో తయారు చేయడం నేర్చుకున్నారు. యాభై దాటాక విమానం నడపడమూ నేర్చుకున్నారు. 1974 ఆగస్టు 7న, తాను పనిచేసిన ఆసుపత్రిలోనే కన్నుమూశారు. ఇరవై ఏళ్లకు, 1994లో, అమెరికా ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

మా సంగతి

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, నేను ఎంబీబీఎస్‌లో నేర్చుకున్నవి కొన్ని ఇవాళ చెల్లవు. బిడ్డ ఊపిరి తీయకపోతే నూరు శాతం ఆక్సిజన్ పెట్టమని మాకు నేర్పారు. నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టాలని 2010లో మార్గదర్శకాలు మారాయి. ఉమ్మనీటిలో మలం కలిసి బిడ్డ నీరసంగా పుడితే, ముందు గొట్టం వేసి శ్వాసనాళం శుభ్రం చేయమన్నారు. దాన్నే మీరు ‘బిడ్డ ఉమ్మనీరు తాగేసింది’ అంటారు. ఆ పని అందరికీ అక్కర్లేదు, ముందు ఊపిరి అందించండని 2015లో చెప్పారు. బొడ్డుతాడు వెంటనే కత్తిరించేవాళ్లం. ఇప్పుడు, బిడ్డ బాగుంటే, కనీసం ఒక నిమిషం ఆగుతాం.

ఇవి విన్నప్పుడు నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. శిక్షణలో రబ్బరు బొమ్మ మీద అంబు బ్యాగుతో మళ్లీ మళ్లీ చేశాకే చేతికి పట్టుబడింది. మన దేశంలో కాన్పులు చేసే డాక్టర్లు, నర్సుల కోసం 2009 నుంచి నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో ఇలాంటి శిక్షణ ఉంది. డాక్టర్లు అయిదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి తరగతులకు హాజరు కావాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. అయితే హాజరు పట్టీలో సంతకం పెట్టినంత మాత్రాన చెయ్యి మారదు. తిరిగొచ్చాక లేబర్ రూములో పద్ధతి మారిందా లేదా అన్నదే లెక్క.

మీరు చేయగలిగినవి

* కాన్పుకు ముందే అడగండి: బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించే శిక్షణ ఉన్నవాళ్లు ఆ సమయానికి గదిలో ఉంటారా? ఈ ప్రశ్నకు మంచి డాక్టరు నొచ్చుకోరు.
* అప్గార్ మార్కులు చూసి బిడ్డ తెలివితేటలు లెక్కగట్టకండి. అయిదో నిమిషానికి 7 నుంచి 10 మధ్య ఉంటే బాగున్నట్టే. పుట్టగానే అరచేతులు, అరికాళ్లు కాసేపు నీలంగా ఉండటం మామూలే. అందుకే పదికి పది అరుదు. అయిదో నిమిషానికీ తక్కువగా ఉంటే, తర్వాత ఏ పరీక్షలు, ఎప్పుడు చేయించాలో పిల్లల డాక్టరును అడగండి.
* పెద్దబిడ్డకు ఒకలా, చిన్నబిడ్డకు ఇంకోలా చెప్పారని డాక్టరును అనుమానించకండి. ఎందుకు మారిందని అడగండి. కారణం చెప్పగలిగితే ఆయన చదువుతున్నట్టే.
* మీ డాక్టరు శిక్షణకు వెళ్లి రెండు రోజులు ఓపీలో లేకపోతే విసుక్కోకండి. అత్యవసరమైతే డ్యూటీలో ఉన్నవారికి చూపించండి.

ఈసారి ఆ పాత కాగితంలో రెండు అంకెలు కనబడితే, మీ బిడ్డ పుట్టిన నిమిషానికి ఒకరు, అయిదో నిమిషానికి మళ్లీ ఒకరు ఆగి చూశారని గుర్తు చేసుకోండి. అలా చూడటం వాళ్లకు పుట్టుకతో రాలేదు. నేర్చుకుంటే వచ్చింది.